కుబేరుడు ఏ ద్వీపాన ఉన్నాడు?

కోదాడలో పెళ్లి సంబంధం తేల్చడానికి రెండు రోజులు చాలు. న్యూజిలాండ్‌లో చదువు ముగించిన మా వీధి అబ్బాయి అక్కడ ఏ ఊళ్లో స్థిరపడాలో తేల్చడానికి మాత్రం రెండు నెలలు పట్టింది. తేల్చింది బస్టాండు ఎదుటి టీ కొట్టు. అక్కడి నిపుణుల్లో ఒక్కరూ సముద్రం దాటలేదు. దాటినవాడికి సందేహాలుంటాయి, దాటనివాడి దగ్గర తీర్పులే ఉంటాయి.

ముందు భూగోళం. ఆ దేశంలో పెద్ద ద్వీపాలు రెండు. ఉత్తర ద్వీపం సుమారు 1.14 లక్షల చదరపు కిలోమీటర్లు, ఇంచుమించు మన తెలంగాణంత. దక్షిణ ద్వీపం 1.5 లక్షలు, ఆంధ్రప్రదేశ్ కన్నా కాస్త చిన్నది. నడుమ కుక్ జలసంధి. ఈ లెక్క చెవిన పడగానే కొట్టు రెండు పార్టీలైంది. రామాపురం క్రాస్‌రోడ్డు దాటితే ఆంధ్ర అనే ఊరికి అంతకన్నా ఏం కావాలి? “మనోడు ఉత్తరానే ఉండాలె” అని ఒక బెంచీ. “బెజవాడ పిల్లను చేసుకున్నోళ్లం, దక్షిణం తప్పెట్లయితది?” అని ఎదుటి బెంచీ. ఉద్యోగం ఎక్కడొస్తే అక్కడే ఉండాలన్న ముక్క ఏ బెంచీకీ తట్టలేదు.

తర్వాత వాస్తు దిగింది. దక్షిణం యముడి దిక్కు కాబట్టి దక్షిణ ద్వీపం పనికిరాదన్నారు సిద్ధాంతిగారు. ఉత్తరం కుబేర స్థానం, ఉత్తరముఖం ఇల్లు చూసుకోమన్నారు. చిత్రంగా అక్కడివాళ్లూ ఉత్తరం వైపు తిరిగిన ఇల్లే వెతుక్కుంటారు. కుబేరుడి కోసం కాదు, ఎండ కోసం. భూమధ్యరేఖకు అంత దిగువన సూర్యుడు ఉత్తరపు ఆకాశంలో నడుస్తాడు. వణికించే గాలి దక్షిణం నుంచి, అంటార్కిటికా వైపు నుంచి కొడుతుంది. మన ఎండల్లో పుట్టిన శాస్త్రం ఆ చలిలో పొరపాటున పాసైతే, సిద్ధాంతిగారు దాన్ని డిస్టింక్షన్ కింద రాసుకున్నారు.

ఆపైన భద్రత. 2011 ఫిబ్రవరి 22 భూకంపంలో 185 మంది పోయారు కాబట్టి క్రైస్ట్‌చర్చ్ వద్దన్నారు. వెల్లింగ్టన్‌లో పైన ఈదురుగాలి, కింద నేల పగులు, అదీ వద్దు. ఆక్లాండే క్షేమమట. ఆ నగరం కూర్చున్నది సుమారు 50 అగ్నిపర్వతాల మీద అంటే, “నిద్రపోతున్నయే గదా!” అన్నారు. 65వ నంబర్ హైవేను రోజూ రాంగ్ రూట్‌లో దాటే వాళ్ల ధైర్యం అలాగే ఉంటుంది.

అసలు ప్రశ్న ఆఖరున వచ్చింది: “మనోళ్లు ఎక్కడెక్కువ?” ఆక్లాండ్‌లోనే. దేశ జనాభాలో మూడోవంతు అక్కడే, మండే అద్దెలూ అక్కడే. 2015 నవంబరు నుంచి ఆ ప్రభుత్వం, ఆక్లాండ్ బయట ఉద్యోగం సంపాదించిన నిపుణులకిచ్చే వలస పాయింట్లను 10 నుంచి 30కి పెంచింది. ‘నాయనా, అంతా ఇక్కడే గుంపు కట్టకండి’ అని ఓ దేశం మార్కులు వేసి మరీ బతిమాలిందన్నమాట. మనం మాత్రం ఇంత సముద్రం దాటి కోదాడ కోసమే వెతుకుతాం.

1903 నుంచి మద్రాసు రేవులో ఫిజీ ఓడలెక్కిన తెలుగు కూలీలను ఏ ద్వీపం కావాలని ఎవరడిగారు? ఏ చెరకు తోటకు కేటాయిస్తే ఐదేళ్లు అదే ఊరు. వాళ్లు దిక్కు చూసుకుని పోలేదు, దిక్కులేక పోయారు. అయినా అక్కడే కాపురాలు నిలబెట్టుకుని 1941లో ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. మనోళ్లున్న చోటికి పోలేదు, పోయిన చోట మనోళ్లయ్యారు.

అంత దూరమెందుకు? మన పక్కనున్న మునగాల పరగణా ఒకప్పుడు నిజాం రాజ్యం నడుమ కృష్ణా జిల్లా ముక్క, నీళ్లు లేని ద్వీపం. అక్కడ దివానుగా ఉంటూనే కొమర్రాజు లక్ష్మణరావు 1906లో హైదరాబాద్‌లో విజ్ఞాన చంద్రికా మండలి నెలకొల్పారు. ఏ దిక్కున కూర్చుంటే కలిసొస్తుందని ఆయన టీ కొట్టునడిగిన దాఖలా లేదు.

మొన్న అబ్బాయి ఫోన్ చేశాడు. ఉద్యోగం ఇన్వర్‌కార్గిల్‌లో వచ్చిందట. దక్షిణ ద్వీపంలో దక్షిణపు కొస. బెంచీలు రెండూ గమ్మునైపోయాయి. సిద్ధాంతిగారు తొణకలేదు. టీ గ్లాసు కింద పెట్టి, “మంచిదే. అక్కడ నిలబడి చూస్తే దేశమంతా ఉత్తరమే గదా!” అన్నారు.