కలిపింది నిడివి, కోసింది మన్యం

సినిమా సాగితే కత్తెర వేయమని జనం గోల పెట్టే రోజులు పోయాయి. 2024 డిసెంబర్ 5న వచ్చిన ‘పుష్ప 2’ అసలే 200 నిమిషాలు. అదీ చాలలేదు కాబోలు, 2025 జనవరి 17న మరో 20 నిమిషాలు జోడించి ‘రీలోడెడ్’ అన్నారు. అదే ఏడాది అక్టోబర్ 31న ‘బాహుబలి’ రెండు భాగాలనూ ఒక్కటి చేసి మూడుముప్పావు గంటలకు కుదించారు. ఒకరు కలుపుతారు, ఒకరు కోస్తారు. టికెట్టు మాత్రం రెండుసార్లూ మనదే!

మొదటి ‘పుష్ప’లో శేషాచలం వేషం కట్టింది మారేడుమిల్లి అడవి. ఎర్రచందనం పెరగని చోట ఎర్రచందనం దుంగలు మోయించారు. రెండో ‘పుష్ప’ పొడిగించిన కట్‌లోనైనా మారేడుమిల్లి పేరు వినబడుతుందేమోనని చెవులు రిక్కించకండి. డూప్‌కి పేరు వేసే ఆచారం మనకెక్కడిది?

అరకుదీ ఇదే కథ. విశాఖ నుంచి అద్దాల బోగీలో వెళ్లేవారికి థియేటర్ వెర్షన్ వేస్తారు: సొరంగాలు, బొర్రా గుహలు, వలిసె పూలు, బొంగులో చికెన్, ఆపైన కాఫీ. సెల్ఫీలకు ఇంటర్వెల్ కూడా ఉంది. రోడ్డు లేని గూడెం నుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకుంటూ కొండ దిగే సీను డైరెక్టర్స్ కట్‌లో భద్రంగా ఉంది. దానికి రిలీజ్ డేట్ ఎవరూ చెప్పరు. ‘రోడ్డు మంజూరు’ ట్రైలర్ మాత్రం ప్రతి ఎన్నికలకీ కొత్త ప్రింటుతో ఆడుతోంది, హీరో మారినా డైలాగు మారకుండా.