పంచనాబ్ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: థ్రెషోల్డ్ రేషియో అటాక్ రిలీజ్ మేకప్ గెయిన్.

అవతారిక: పాట మిక్సింగ్ నేర్చుకునేవాడు కంప్రెసర్ తెరవగానే ఎదురయ్యే ఏకవాక్య సూత్రమిది. క్రియ లేదు, కర్త కనబడడు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని మౌస్ పట్టిన సాధకుణ్ణే కర్తగా అధ్యాహారం చేసుకోవాలి.

ప్రతిపదార్థం: థ్రెషోల్డ్ = ఏ మట్టం దాటితే శబ్దాన్ని అణచాలో ఆ హద్దు; రేషియో = దాటినదాన్ని ఎన్నో వంతుకు కుదించాలో ఆ లెక్క; అటాక్ = దాటిన తర్వాత పట్టు బిగియడానికి పట్టే వ్యవధి; రిలీజ్ = మళ్లీ హద్దులోకి దిగాక పట్టు సడలే వ్యవధి; మేకప్ గెయిన్ = అణచివేతలో తగ్గిన మట్టాన్ని తిరిగి పెంచడం.

అన్వయం: మూలంలో చివరనున్న పదం అన్వయంలో ముందుకు రావడం వ్యాఖ్యాతలకు కొత్త కాదు. ఇక్కడా మేకప్ గెయిన్‌ను చివర చదివితే అర్థం చెడుతుంది. ఎలాగంటే, గాయని గొంతు తారస్థాయిలో హద్దును 8 డెసిబెల్స్ దాటిందనుకుందాం. రేషియో 4:1 అయితే బయటికొచ్చేది హద్దుకు 2 డెసిబెల్స్ పైన, తరుగు 6. ఆ 6 తిరిగి కలిపితే శిఖరం పాత చోటికే చేరుతుంది గానీ, హద్దు దాటని మెల్లని పలుకులూ, ఊపిరి చప్పుడూ, గదిలోని ఏసీ హోరూ 6 డెసిబెల్స్ పైకి లేస్తాయి. మొత్తమ్మీద గొంతు బిగ్గరగా వినిపిస్తుంది. బిగ్గరగా ఉన్నదే బాగున్నదని చెవి భ్రమపడుతుంది; పైగా మట్టం పెరిగేకొద్దీ మంద్రం మరింత నిండుగా తోస్తుందని ధ్వని పరిశోధకులు ఫ్లెచర్, మన్‌సన్ 1933లోనే కొలిచి చూపారు. అంచేత బైపాస్ నొక్కి, కంప్రెసర్ ఉన్నప్పటి, లేనప్పటి ధ్వనులను పోల్చినప్పుడు గెలిచేది కంప్రెషన్ కాదు, వాల్యూమ్. ఏ నాబ్ తిప్పినా ముందు రెంటి మట్టమూ చెవికి సమానం చేసి, ఆపైనే తక్కిన నాలుగు పదాల మంచిచెడ్డలు తేల్చాలి. అటాక్ అసలు పని అప్పుడే తెలుస్తుంది. స్నేర్ డ్రమ్ముకు 30 మిల్లీసెకన్లు పెడితే కర్ర దెబ్బ తప్పించుకుని వెనకాల మోత మాత్రమే అణగుతుంది, దెబ్బ పదునెక్కుతుంది. 1 మిల్లీసెకను పెడితే దెబ్బే మొద్దుబారి డ్రమ్ము వెనక్కి జరుగుతుంది.

పాఠాంతరాలు: ఎల్ఏ-2ఏ అనే కంప్రెసర్ ప్రతిలో పెద్ద నాబ్‌లు రెండే, పీక్ రిడక్షన్, గెయిన్. 1967 నాటి 1176 అనే కంప్రెసర్ ప్రతిలో థ్రెషోల్డ్ పదమే లోపించింది. ఇన్‌పుట్, అవుట్‌పుట్ అనేవి ఆ లోటు పూరిస్తాయి. ఇతర పదాలు జారిపోయినా, బయటికొచ్చే మట్టాన్ని సరిచేసే పదం మాత్రం రెండు ప్రతుల్లోనూ నిలిచింది. మన అన్వయానికి ఇది చాలినంత ప్రమాణం.

ఆక్షేపం, సమాధానం: ‘శ్రోత మట్టాలు సరిచూసుకుని వింటాడా? బిగ్గరగా ఉన్నదే నచ్చితే అదే ఇవ్వరాదా?’ అని శంక. సీడీల కాలంలో ఈ వాదం చెల్లింది. అది ఎందాకా పోయిందో 2008లో మెటాలికా వారి ‘డెత్ మాగ్నెటిక్’ ఆల్బమ్ చూపింది. అవే పాటలు గిటార్ హీరో వీడియో గేమ్‌లో అంత నలగకుండా మెరుగ్గా ఉన్నాయని అభిమానులే మొత్తుకున్నారు. ఇప్పుడు స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటలన్నిటినీ బిగ్గరతనపు కొలతలో దాదాపు -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ మట్టానికి తెస్తుంది. అంటే శ్రోత చేయని పని యాప్ చేస్తోంది. అదనంగా పెంచిన బిగ్గరతనం అక్కడ పోతుంది. నలిగిన దెబ్బ మాత్రం నలిగినట్టే మిగులుతుంది. ‘ఆటో గెయిన్ బటన్ ఉండగా మనకెందుకీ శ్రమ?’ అని మరో శంక. చాలాచోట్ల ఆ బటన్ థ్రెషోల్డ్, రేషియోల అంకెలను బట్టి లెక్కకట్టేదే తప్ప, పాటలో నిజంగా ఎంత అణగిందో చూసేది కాదు. కాబట్టి చెవికి సెలవు దొరకదు.

తాత్పర్యం: కంప్రెసర్ ఎత్తుపల్లాలను తగ్గించేది; బిగ్గరతనం దానికి తర్వాత తగిలించినది. మట్టం సమం చేశాక కూడా మేలు వినిపిస్తే ఉంచుకోవాలి, తేడా తెలియకపోతే తీసేయాలి.

ఫలశ్రుతి: ఈ క్రమంలో పారాయణ చేసినవారి ప్రాజెక్టులో కంప్రెసర్లు సగానికి తగ్గును. కంప్యూటర్ ఫ్యాన్ హోరు కూడా కొంత తగ్గును.