ముందుగదికి ముప్పు

ఎస్. రాయవరంలో మా బావ ముందుగది గోడ మీద చాటంత మేర రెండు రంగులు పూయించి చూశాడు. లేత నీలం, లేత పసుపు.

నీలం చూసి ఎదురింటాయన ‘ఏటి బావా, అటెళ్లిపోనావా?’ అన్నాడు. పసుపు చూసి పక్కింటాయన పలకరింపే మానేశాడు.

పోనీ మట్టిరంగు? 2020లో పంచాయతీ ఆఫీసులకు వేసిన అధికార పార్టీ జెండా మూడు రంగులకు సర్కారు నాలుగోదిగా కలిపింది దాన్నే. హైకోర్టు కొట్టేసింది, జూన్ 3న సుప్రీంకోర్టూ కాదంది.

తెల్లసున్నం? ఆ మూడింట్లో అదీ ఉంది!

గురజాడ పుట్టిన ఊరాయె. ఆయన సృష్టించిన గిరీశమే ఉంటే రెండు గోడలకు నీలం, రెండింటికి పసుపు వేయించి, ఎన్నికల ఫలితాలొచ్చాక కుర్చీ తిప్పుకునేవాడు.

బావ ప్రస్తుతం గోడ కనపడకుండా క్యాలెండర్లు తగిలిస్తున్నాడు. అన్నిటి మీదా నాయకుల బొమ్మలే.