ఆదిత్య 369లో తప్పులా? అరకు బండెక్కి వాదించుకోండి

కాలయంత్రం సినిమా ‘ఆదిత్య 369’లోని తప్పుల మీద గట్టిగా వాదించుకోవాలని ఉందా? అయితే ముందు ఆ సినిమా మళ్ళీ చూడకండి. 2025 ఏప్రిల్‌లో రీరిలీజైనప్పుడు చూసినవాళ్ళు కొన్నాళ్ళు ఆగాలి. నిన్నగాక మొన్న చూసినవాడు కోర్టులో సాక్షిలా ‘అక్కడ అలా లేదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. మనకు తేల్చేవాళ్ళు వద్దు. 1991లో నేలటికెట్టుకు చూసి, తర్వాత టీవీలో ముక్కలుముక్కలుగా చూసి, సగం మర్చిపోయి, ఆ సగాన్ని ఊహతో పూడ్చుకున్నవాళ్ళు కావాలి. ఫోన్లు సంచిలో పెట్టించండి.

తర్వాత విశాఖలో పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కండి. కారు వద్దు. ఘాట్ రోడ్డు మీద బండి నడిపేవాడు వాదించకూడదు, అతన్ని వదిలేసి మిగతావాళ్ళు వాదించడం అన్యాయం. అద్దాల బోగీ కూడా వద్దు, అందులో అందరి మొహాలూ లోయ వైపే ఉంటాయి. మామూలు బోగీలో ఎదురెదురు సీట్లు పట్టండి. అరకు చేరేలోపు యాభైకి పైగా సొరంగాలొస్తాయి. సొరంగంలోకి వెళ్ళేముందు ‘ఇది తప్పే’ అన్నవాడు వెలుతురులోకి రాగానే ‘తప్పు కాదు’ అని వాదించాలి. ఈ ఒక్క నియమం మాత్రం సడలించొద్దు. పట్టుదలలు కరగడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలీదు. ఎవరైనా ‘సినిమాయే కదా, వదిలెయ్ బావా’ అంటే, ఆ మనిషికి తర్వాతి స్టేషను దాకా మాట్లాడే హక్కు పోతుంది.

బండి సింహాచలం దగ్గరగా వెళ్తున్నప్పుడే రాయలవారిని లేపండి. కళింగ దండయాత్రలో కృష్ణదేవరాయలు సింహాచలం వచ్చారు. 1516, 1519 నాటి శాసనాలు అక్కడి గుళ్ళో ఉన్నాయి. సినిమాలో యంత్రం దిగేది 1526లో, అంటే రాయలు ఇంకో మూడేళ్ళు బతికి ఉంటారు. ఇంతవరకూ లెక్క కుదిరింది. చిక్కల్లా చంద్రమోహన్ వేసిన తెనాలి రామకృష్ణుడితో. ఆయన రాసిన ‘పాండురంగ మాహాత్మ్యం’ అంకితం పుచ్చుకున్నది రాయలు కాదు, విరూరి వేదాద్రి మంత్రి. దాన్నిబట్టీ ఇతర ఆధారాలనుబట్టీ ఆ కవి రాయల తర్వాతివాడని వాదించిన సాహిత్య చరిత్రకారులు ఉన్నారు. అంటే కొలువులో ఆయన లేనేలేరా? ఇక్కడ నేను పూర్తిగా సినిమా పక్షం. తెలుగువాళ్ళు తరతరాలుగా గుర్తుపెట్టుకున్న 1526లో రామకృష్ణుడు ఉన్నాడు, ఆ యంత్రం వెళ్ళింది ఆ 1526కే. జ్ఞాపకాన్ని జ్ఞాపకంతోనే ఢీకొట్టాలి. మళ్ళీ చూడొద్దని మొదట్లోనే చెప్పింది అందుకే.

శృంగవరపుకోట దాటి బండి కొండెక్కడం మొదలయ్యాక భౌతికశాస్త్రం అందుకోండి. హెచ్.జి.వెల్స్ 1895లో రాసిన నవలలో యంత్రం ఉన్నచోటనే ఉండి కాలంలో మాత్రమే కదులుతుంది. మన సినిమా దర్శకుడు సింగీతం శ్రీనివాసరావుగారి యంత్రం చోటు కూడా మారుతుంది. మారకపోతే? యంత్రం బయల్దేరిన హైదరాబాద్ 1591లో గానీ పుట్టలేదు. ఆ ప్రాంతంలో 1526లో దిగినవాళ్ళు సుల్తాన్ కులీ కుతుబ్‌షా సైనికుల చేతిలో పడేవాళ్ళు. రాయల రాజధాని హంపీ అక్కడికి మూడొందల కిలోమీటర్ల పైమాటే. ‘ఇదీ అసలు బొక్క’ అని ఎదుటివాడు తొడగొడితే, సొరంగం రానిచ్చి ఇలా అడగండి: భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది, సూర్యుడూ ఊరికే కూర్చోలేదు. 465 ఏళ్ళు వెనక్కెళ్ళిన యంత్రం శూన్యంలో తేలకుండా నేల మీద, అదీ తెలుగు మాట్లాడే రాజుగారి అడవిలో దిగిందంటే, దాన్ని తయారుచేసిన ప్రొఫెసర్ రామదాసుకు దండం పెట్టాలా, తప్పు పట్టాలా?

సినిమాలో యంత్రం భవిష్యత్తులోకి వెళ్ళే 2504 సంగతి త్వరగా ముగించండి. విపరీతమైన వేగంతో తిరిగొచ్చినవాడికి తక్కువ కాలం, ఇంటి దగ్గరివాళ్ళకు ఎక్కువ కాలం గడుస్తుందని 1905 నుంచీ ఐన్‌స్టీన్ పుణ్యమా అని తెలుసు. ముందుకెళ్ళడానికి శాస్త్రం అడ్డు చెప్పదు. వెనక్కెళ్ళడం దగ్గరే అన్ని చిక్కులూ.

బొర్రా గుహల దగ్గర తప్పక దిగండి. సినిమా తప్పులకు అక్కడే మంచి సాధన దొరుకుతుంది. ఈ గుహలను 1807లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ అనే ఆయన కనుక్కున్నారని వ్యాసాలూ, గైడు పుస్తకాలూ చెబుతాయి. ఆ సంస్థ పుట్టింది 1851లో. టైం మెషీన్ లేకుండా ఈ కథ నడవదు! పైగా ఆవు గుహలో పడిందనీ, వెతుక్కుంటూ వెళ్ళినవాడికి శివలింగం కనిపించిందనీ కొండవాళ్ళు అంతకుముందు నుంచే చెప్పుకుంటున్నారు. ఈ తేదీని చూసీచూడనట్టు వదిలేసినవాళ్ళకు జంధ్యాల మాటలు రాసిన సినిమాను నిలదీసే అర్హత లేదని నా గట్టి నమ్మకం.

అరకులో బొంగులో చికెన్ కాలే చోట కూర్చోండి. మసాలా పట్టించిన ముక్కలు పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకు కుక్కి, నిప్పుల మీద వేస్తారు. తిప్పుతూ ఉంటే బొంగు అన్నివైపులా నల్లబడుతుంది, ఆకు సందుల్లోంచి రసం బుసబుసమంటుంది. అరగంట పైనే పడుతుంది. అంతసేపూ సినిమా చూడనివాళ్ళకు కథ చెప్పండి. చూసినవాళ్ళకు ఎన్నేళ్ళయినా తోచని ప్రశ్నలు వాళ్ళే అడుగుతారు. అలా కథంతా విని, నిప్పులు ఎగదోస్తున్న ఒక డిగ్రీ కుర్రాడు నన్ను అడిగాడు: “ఆ యంత్రం మా కొండల్లో దిగుంటే వాళ్ళకి ఎవరు కనపడేవాళ్ళు సార్?”

నా దగ్గర సగం జవాబే ఉంది. కళింగాన్ని ఏలిన గజపతితో సంధి కుదిరాక కృష్ణకు ఉత్తరాన గెలిచిన నేలను రాయలు తిరిగి ఇచ్చేశారు. అంచేత 1526లో ఇక్కడ పేరుకు పైన ఉన్నది గజపతి. కానీ ఆ అబ్బాయి అడిగింది రాజుల గురించి కాదు. సినిమా చూపించిన గతంలో కొలువు ఉంది, నాట్యం ఉంది, వజ్రం ఉంది. కొండ మీద పోడు కొట్టుకుని బతికే మనిషి లేడు. ఇన్నేళ్ళుగా మేం పట్టిన తప్పులన్నీ దీనిముందు చిల్లరవి.

దీనికి కొనసాగింపుగా ‘ఆదిత్య 999’ తీస్తామని సినిమా కథానాయకుడు బాలకృష్ణ చెబుతూనే ఉన్నారు. ఆ కథ రాసేవాళ్ళకు ఒక్క మనవి. శాస్త్రం తప్పులు ఎన్నైనా చెయ్యండి, అవి వాదించుకోవడానికి మేమున్నాం. యంత్రాన్ని మాత్రం ఈసారి తూర్పు కనుమల్లో దింపండి.