కరణంగారి సర్వరు

అమెరికా కేంద్ర ప్రభుత్వం 2010లో ఒక మంచి పని తలపెట్టింది. ఊరికొకటి, వీధికొకటి చొప్పున పెరిగిపోయిన డేటా సెంటర్లను మూసేసి, కంప్యూటర్లన్నిటినీ కొద్ది చోట్లకు చేర్చాలని. 1998లో 432 ఉన్న డేటా సెంటర్లు పదకొండేళ్ళలో 1,100 దాటాయట. ఒబామా ప్రభుత్వం గుండెలు బాదుకుని, 2015 కల్లా కనీసం 800 మూసేస్తామని మాటిచ్చింది. అన్నదానికి దాదాపు నాలుగింతలు చేసింది కూడా. సర్కారు ఖర్చులను తనిఖీ చేసే జీఏవో 2016లో ఇచ్చిన నివేదిక ప్రకారం మూతపడినవి 3,125. మొత్తం ఎన్ని ఉన్నాయని లెక్క తేలింది? 10,584. అంటే పదకొండు వందల్లోంచి మూడు వేల పైచిలుకు తీసేస్తే ఏడు వేల పైచిలుకు మిగిలాయి. ఈ తీసివేతకు పావులూరి మల్లన గణితంలో కూడా సూత్రం దొరకదు.

ఇందులో గారడీ ఏమీ లేదు. మొదట పెద్ద పెద్ద గదులనే డేటా సెంటర్లన్నారు. 2012లో, గది ఎంత చిన్నదైనా సరే, సర్వరుంటే చాలు డేటా సెంటరే అన్నారు. దాంతో చీపుళ్ళ పక్కన, బూజుపట్టిన ఫైళ్ళ వెనక, ఏసీ లేక ఉడికిపోతున్న సర్వర్లన్నీ ఒక్కసారిగా హోదా సంపాదించుకున్నాయి. 2019లో మళ్ళీ నిర్వచనం మార్చి, ఆ చిన్న గదులను లెక్కలోంచి తీసేశారు. ఒక్క స్విచ్చి ఆపకుండా వేలకు వేలు మాయం. జీఏవో వాళ్ళు గొణిగారు. గొణగడమే కదా వాళ్ళ ఉద్యోగం.

ఇంతకీ ఆ చిన్న గదుల్లో ఏముండేది? కొన్ని చోట్ల ఉండేది మెయిల్ సర్వరు. పాతికేళ్ళ కిందట అమెరికాలో పది ఊళ్ళలో శాఖలున్న ఆఫీసుకు తరచూ పది మెయిల్ సర్వర్లుండేవి. శాఖకూ హెడ్డాఫీసుకూ మధ్య లైను సన్నం కావడమే కారణం. గొప్పగా చెప్పుకునే టీ1 లైను మోసేది సెకనుకు ఒకటిన్నర మెగాబిట్లు. మేనేజరుగారు మనవరాలి పుట్టినరోజు ఫోటోలు బంధుమిత్రులకు పంపారంటే ఆ పూటకు ఆర్డర్లు ఆగిపోయినట్టే. అందుకే శాఖలో పుట్టిన మెయిలు శాఖలోనే తిరిగేది, అవసరమైతేనే ఊరు దాటేది.

ఆ సర్వరును చూసుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు. ఉద్యోగం అకౌంట్సులో. కంప్యూటరంటే భయం లేని పాపానికి ఈ బరువు కూడా నెత్తిన పడ్డవాడు. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1984లో తీసేసిన మన కరణంగారే అతను. ఏ చెలక ఎవరిదో కరణానికి తెలిసినట్టు, ఏ మెయిల్ పెట్టె ఎవరిదో, ఎవరి పెట్టె ఎందుకు నిండుతోందో అతనికి నోటికి వచ్చు. దస్త్రం అతని చేతిలో. బ్యాకప్ టేపు అతని కారు డిక్కీలో. పాస్‌వర్డు అతని బుర్రలో. అతను సెలవు పెడితే శాఖ మొత్తానికి సెలవు. అతన్ని మంచి చేసుకున్నవాడి పోయిన మెయిలు సాయంత్రానికి దొరికేది. చేసుకోనివాడిది దొరికేది కాదు.

2003లో మైక్రోసాఫ్ట్ తన అవుట్‌లుక్‌లో ఒక సదుపాయం పెట్టింది. మెయిలు నకలు మన కంప్యూటర్లోనే దాచుకుని, అసలుతో అప్పుడప్పుడూ సరిచూసుకుంటుంది. ఇక సర్వరు పక్క గదిలో ఉన్నా పక్క రాష్ట్రంలో ఉన్నా వాడేవాడికి తేడా తెలియదు. అంతే, కన్సల్టెంట్లకు పండగొచ్చింది. శాఖకొక సర్వరు పెట్టుకోకపోతే మునిగిపోతారని పదేళ్ళ కిందట ఫీజు పుచ్చుకుని చెప్పిన పెద్దమనుషులే, శాఖకొక సర్వరుంటే మునిగిపోతారని మళ్ళీ ఫీజు పుచ్చుకుని చెప్పారు. స్లైడ్లు అవే. బాణం గుర్తులు మాత్రం అటు తిప్పారు.

ఆ బాణాలను నిజం చేసే పని మనవాళ్ళకు దక్కింది. దక్కకేం? తాలూకాలు పగలగొట్టి మండలాలు చేసిన నేల మనది. వికేంద్రీకరణ పేరుతో మూడు రాజధానులకు 2020లో చట్టం చేసి, 2021 నవంబరులో దాన్ని వెనక్కి తీసుకున్న రాష్ట్రం మనది. కలపమన్నా విడదీయమన్నా మనకు ఒకే ఉత్సాహం, గంటకు ఇంత అని తేలితే చాలు. డాలస్‌లో శుక్రవారం సాయంత్రం కటోవర్, అంటే పాత సర్వరు నుంచి కొత్తదానికి మార్పు, మొదలైతే హైదరాబాదులో శనివారం తెల్లవారుజాము. సూర్యుడు అస్తమించని సామ్రాజ్యం సంగతేమో గానీ, టికెట్ అస్తమించని ప్రాజెక్టు మాత్రం మనదే.

ఒమాహాలో ఒక బీమా కంపెనీ శాఖ ఉందనుకుందాం. శని, ఆదివారాల్లో మెయిల్ పెట్టెలన్నీ వర్జీనియాలోని డేటా సెంటరుకు తరలిపోయాయి. సోమవారం ఆఫీసు తెరిచారు. మెయిళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. డ్యాష్‌బోర్డు పచ్చగా ఉంది. మూలనున్న జెరాక్స్ మిషను ఒక్కటే మొరాయించింది. కాగితాన్ని స్కాన్ చేసి మెయిల్లో పంపే ఆ మిషనుకు పాత సర్వరు చిరునామా తప్ప వేరే లోకం తెలియదు. ఆ చిరునామాలో ఇప్పుడు ఎవరూ లేరు. అప్పుడు హైదరాబాదు నుంచి డాలస్‌కు ఫోను.

“అన్నా, ఒమాహాలో స్కానింగ్ పోవట్లేదంట. పొద్దుటి నుంచి క్లెయిములన్నీ ఆగిపోయినయ్.”

“స్కోప్‌లో ఉందా అది?”

“మెయిల్ బాక్సులే ఉన్నయన్నా. మిషన్ల సంగతి ఎవరూ రాయలే.”

“అయితే అది మైగ్రేషన్ ఇష్యూ కాదు తమ్ముడూ, లోకల్ ఇష్యూ. లోకల్ అడ్మిన్‌కి అసైన్ చేసెయ్.”

“లోకల్ అడ్మిన్ పోస్టు తీసేసినం కదన్నా. మనం చూపించిన ఆదాలో మొదటి లైనే అది.”

కేంద్రీకరణ అనే శాస్త్రమంతా ఆ చివరి మాటలో ఉంది. ఖర్చు తగ్గదు, ఎవరూ రాయని పద్దులోకి వెళ్ళి కూర్చుంటుంది. కరణం జీతం మిగిలిందని హెడ్డాఫీసు రాసుకుంటుంది. క్లెయిము కాగితాలు చేత్తో పట్టుకుని వారం రోజులు పక్కవీధి షాపులో స్కాన్ చేయించుకొచ్చిన గుమాస్తా సమయాన్ని ఎవరూ రాయరు. పాత మెయిలుకు జవాబిస్తే తిరిగొస్తోందని హెల్ప్ డెస్కుకు ఫోన్ చేసి, సంగీతం వింటూ గడిపిన గంటలను ఎవరూ రాయరు. పక్క సీటు ఆమెను కాఫీకి పిలిచిన మెయిలు వర్జీనియా దాకా వెళ్ళి, వైరస్ పరీక్ష చేయించుకుని తిరిగొచ్చేలోపు కాఫీ చల్లారడాన్ని అసలే రాయరు. రాసేవాడు కేంద్రంలో ఉంటాడు. కేంద్రంలో నెట్‌వర్క్ బాగుంటుంది.

ఇది నా కడుపుమంట కాదు, రికార్డుల్లో ఉన్న సంగతే. లాస్ ఏంజెలస్ నగరపాలక సంస్థ 2009లో సుమారు 30,000 మంది ఉద్యోగుల మెయిలును నోవెల్ గ్రూప్‌వైజ్ నుంచి గూగుల్‌కు మార్చాలని 72.5 లక్షల డాలర్ల ఒప్పందానికి ఓటేసింది. అందులో 15 లక్షలు ఎక్కడివి? గుత్తాధిపత్యం చేస్తోందని మైక్రోసాఫ్ట్ మీద వేసిన దావాలో రాజీ కింద వచ్చినవి. ఒక ఆసామి గుత్తను విరిచిన సొమ్ము ఇంకో ఆసామికి అడ్వాన్సయింది. తీరా చూస్తే నేరస్తుల వివరాల భద్రతకు ఎఫ్‌బీఐ పెట్టిన నిబంధనలకు ఈ కొత్త ఏర్పాటు సరిపోలేదు. చివరికి 2011 డిసెంబరులో పోలీసులనూ మరికొందరినీ కలిపి సుమారు 13,000 మందిని పాత గ్రూప్‌వైజ్‌లోనే ఉండనిచ్చారు. ఒక మెయిల్ వ్యవస్థతో బయల్దేరి, రెండేళ్ళు శ్రమించి, రెండు వ్యవస్థలకు చేరుకున్నారు.

సైన్యం సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. ఒక్కో స్థావరానికి ఒక్కో మెయిలు ఎందుకని 2011లో అమెరికా ఆర్మీ అన్నిటినీ కలిపి రక్షణశాఖ డేటా సెంటర్లకు తరలించడం మొదలెట్టింది. అసలు ఇందులో ఆదా ఎంతో రాతపూర్వకంగా చూపించమని కాంగ్రెస్ మధ్యలో నిధులు ఆపింది. సంజాయిషీ ఇచ్చుకుని మళ్ళీ మొదలుపెట్టి, 2013 కల్లా సుమారు 14 లక్షల మందిని చేర్చారు. హమ్మయ్య అనుకునేలోగా ఇది కూడా పాతబడింది, అందరూ మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌కు పదండన్నారు. 2022లో పాత ఇల్లు ఖాళీ చేసే గడువు వచ్చేసరికి కొత్త ఇంట్లో లైసెన్సులు చాలలేదు. చిన్న ర్యాంకు సైనికులు లక్షల్లో మెయిలు లేకుండా మిగిలిపోయే పరిస్థితి వచ్చింది. దేశాన్ని కాపాడొచ్చు, కానీ ఇన్‌బాక్స్ అడక్కూడదు. వ్యవసాయ శాఖ మాత్రం 21 రకాల మెయిల్ వ్యవస్థలను కలిపి 1,20,000 మందిని ఒక గొడుగు కిందికి తెస్తామని 2010 డిసెంబరులో ప్రకటించింది. ఇరవై ఒక్క గొడుగులు పట్టుకుని అప్పటిదాకా ఎలా నడిచారన్నది వేరే ప్రశ్న.

ప్రభుత్వమంతా ఇలా కేంద్రం వైపు పరుగెడుతున్న రోజుల్లోనే, అదే ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ న్యూయార్క్ రాష్ట్రంలోని చపాక్వాలో తన సొంతింట్లో సర్వరు పెట్టించుకుని 2009 నుంచి 2013 దాకా అధికారిక మెయిలంతా అందులోనే నడిపారు. కొలువు దిగిపోయినా దస్త్రం ఇంట్లోనే పెట్టుకున్న కరణాల కథలు మన పల్లెల్లో చాలా విన్నాం గానీ, అగ్రరాజ్యంలో ఆ పద్ధతి ఉందని 2015 మార్చిలో పేపర్లు రాసేదాకా తెలియలేదు. సుమారు 30,000 మెయిళ్ళు అప్పగించారు, దాదాపు అన్నే సొంతవని తీసేశారు. కేసు పెట్టాల్సినంత లేదని ఎఫ్‌బీఐ తేల్చినా, అధ్యక్ష ఎన్నికల ప్రచారమంతా ఆ ఒక్క పెట్టె చుట్టూనే తిరిగింది. శాఖ సర్వరు ఎంత ప్రమాదమో చెప్పడానికి కన్సల్టెంట్లకు ఇంతకంటే మంచి స్లైడు దొరకదు.

ఇంకో స్లైడు 2021 మార్చిలో దొరికింది. ఎవరి సర్వరు వాళ్ళే పెట్టుకున్న వేలాది అమెరికా సంస్థల మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ మెయిల్ సర్వర్లలోకి హ్యాకర్లు దూరారు. మరమ్మతు ఎలా చేసుకోవాలో కూడా కొందరికి తెలియక, వాళ్ళ సర్వర్లలో దొంగలు పెట్టిపోయిన దొడ్డిదారులను కోర్టు అనుమతితో ఎఫ్‌బీఐ వాళ్ళే మూసేసి వచ్చారు. చూశారా, అందుకే అన్నీ మా దగ్గర పెట్టమన్నాం అని క్లౌడ్ కంపెనీలు వేలు చూపించాయి.

పెట్టారు. 2023లో చైనాకు చెందిన హ్యాకర్లకు మైక్రోసాఫ్ట్ తాళంచెవి ఒకటి దొరికింది. 2016లో తయారైన ఆ పాత చెవితో 22 సంస్థల తలుపులు తెరిచారు. వాణిజ్య మంత్రి జీనా రైమాండో మెయిలు, చైనాలో అమెరికా రాయబారి నికొలస్ బర్న్స్ మెయిలు చదివారు. ఒక్క విదేశాంగ శాఖ నుంచే సుమారు 60,000 మెయిళ్ళు ఎత్తుకుపోయారు. ఆ చెవి ఎలా పోయిందో కంపెనీకే తేలలేదని, అసలిది జరగకుండా ఆపగలిగేదేనని 2024 ఏప్రిల్లో ప్రభుత్వ సమీక్షా మండలి రాసింది. దొంగతనాన్ని పట్టుకున్నది తాళం వేసిన కంపెనీ కాదు, విదేశాంగ శాఖ సిబ్బంది. అదీ రాకపోకల చిట్టాను అదనపు డబ్బు కట్టి కొనుక్కున్నారు గనక. దొంగ వచ్చాడో లేదో తెలుసుకోవడం అప్పట్లో ప్రీమియం ప్యాకేజీలో సదుపాయం. కరణంగారైతే ఒక కాఫీకి చెప్పేవారు.

ఆ కంపెనీ అధినేత మన హైదరాబాదీ సత్య నాదెళ్ళ. తండ్రి యుగంధర్ గ్రామీణాభివృద్ధిలో పేరు పడ్డ ఐఏఎస్, పాలన పల్లె దాకా వెళ్ళాలని పనిచేసినవారు. కొడుకు పల్లె పెట్టెలన్నీ కంపెనీ ఊరు రెడ్‌మండ్ చేర్చారు. భద్రత పరువు పోయినందుకు ఆ ఏడాది తన నగదు బోనసు తగ్గించమని ఆయనే అడిగి తగ్గించుకున్నారు. పెద్ద మనసు. షేర్లతో కలిపి చూస్తే మాత్రం మొత్తం ప్రతిఫలం 63 శాతం పెరిగి 7.91 కోట్ల డాలర్లయింది. ఖర్చు ఒక పద్దులోంచి ఇంకో పద్దులోకి ఎలా వెళ్తుందో చెప్పాను, రాబడి కూడా అలాగే వెళ్తుంది.

ఇప్పుడు అమెరికాలో కొత్త మంత్రం ఎడ్జ్ కంప్యూటింగ్. సమాచారం ఎక్కడ పుడితే అక్కడే, దుకాణంలోనో ఆసుపత్రిలోనో ఫ్యాక్టరీలోనో, ఒక చిన్న సర్వరు పెట్టాలట. అంతా దూరంగా పెడితే ఆలస్యమవుతోందట. బాణాలు మళ్ళీ ఇటు తిరిగాయి. డాలస్ అన్న ఇప్పటికే రెజ్యూమెలో “కన్సాలిడేషన్‌లో పదేళ్ళ అనుభవం” అన్న లైను కింద ఎడ్జ్ కూడా చేర్చేశాడు.

కలిపే ప్రాజెక్టు వచ్చినా విడదీసే ప్రాజెక్టు వచ్చినా సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలడగండి. ఆదా ఎవరి పద్దులో పడుతుంది? తాళం ఎవరి జేబులో ఉంటుంది? జెరాక్స్ మిషను ఎవరి నెత్తిన పడుతుంది? మూడింటికీ జవాబు ఒకే పేరైతే నిశ్చింతగా సంతకం పెట్టండి. మూడు పేర్లు వస్తే కంగారేం లేదు, మన తమ్ముడు హైదరాబాదులో మేలుకునే ఉంటాడు. వెంటనే చేంజ్ రిక్వెస్ట్ రాసి, దానికి గంటకు ఎంతో చెప్తాడు.