ఇతరములు: 500

జనవరి 1న కాచిగూడ ఇళ్లలో కొత్త డైరీ తెరుచుకుంటుంది. బియ్యం, పాలు, కరెంటు, స్కూలు ఫీజు, చిట్టీ వాయిదా వరసగా దిగుతాయి. చివర్న ‘ఇతరములు: 500’ అని రాసి గీత గీసేస్తారు. ఆనవాయితీ ప్రకారం ఆ రోజే నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ గేట్లూ తెరుచుకుంటాయి, ఫిబ్రవరి 15 దాకా మూసుకోవు. పొదుపు మొదలుపెట్టడానికి ఇంతకన్నా చెడ్డ ముహూర్తం ఏ సిద్ధాంతీ పెట్టలేడు. సంక్రాంతికల్లా డైరీ అటకెక్కుతుంది, తప్పంతా మన నిగ్రహానిదేనని పెద్దలు తీర్పు చెప్పేస్తారు. నిజానికి తప్పు మనసుది కాదు, పద్దుది. వస్తుందని ముందే తెలిసిన ఖర్చును రాయకపోవడమే మన బడ్జెట్ల జబ్బు.

చరిత్ర కూడా మనతో వేళాకోళమాడింది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో ఈ నుమాయిష్ పెట్టింది హైదరాబాద్ రాజ్యంలో ఆర్థిక సర్వేకు డబ్బు కూడబెట్టడానికి. జనం లెక్కలు తేల్చడానికి పుట్టిన సంత ఇప్పుడు జనం లెక్కలు తప్పిస్తోంది. 1,200 చెప్పిన కశ్మీరీ శాలువాను బేరమాడి 800కి తెస్తే, మిగిలిన 400 ఆదా కింద జమ. ఆ ఆదాతోనే జెయింట్ వీల్, మిర్చి బజ్జీ, పావుకిలో అంజీర్. ఖర్చయిన 800 మాత్రం ‘ఇతరములు’లో కలిసిపోతుంది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పొదుపు గురించి పాత పుస్తకాలు కొన్నా అదే గతి.

ఈ విషయంలో సర్కారు మనకన్నా తెలివైనది. పబ్లిక్ గార్డెన్స్ పక్కనే ఉన్న అసెంబ్లీలో 2025-26కి 3,04,965 కోట్ల రూపాయల బడ్జెట్ పెట్టారు. అంచనా తప్పుతుందని తెలుసు కాబట్టే సవరించిన అంచనాలంటూ ఒక వరస ఉంది. అనుబంధ పద్దులకు రాజ్యాంగం 205వ అధికరణం, ఆగంతుక నిధికి 267వ అధికరణం ఉన్నాయి. రాజ్యాంగం రాసినవాళ్లు మంత్రుల నిగ్రహం మీద భారం వేయలేదు. మనం మాత్రం మన నిగ్రహాన్ని నమ్ముకుని 500 రాస్తాం.

‘సర్కారుకైతే అప్పు పుడుతుంది, మాకో?’ అంటారు. క్రెడిట్ కార్డు ఉన్నవాడికి పుట్టని అప్పేముంది? సర్కారు తన లోటును సభలో చదివి వినిపించాలి, మన లోటు బ్యాంకు మెసేజ్ వచ్చాకే ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. ‘సరదాకు పద్దిస్తే సరదా పెరుగుతుంది’ అన్నది రెండో మాట. ఇవ్వకపోతే తగ్గిందా? పేరు పెట్టిన ఖర్చుకు హద్దు పెట్టొచ్చు, పేరు లేనిదాన్ని ఎక్కడని పట్టుకుంటాం? ‘బియ్యానికే చాలని జీతంలో సరదా ఎక్కడిది?’ అన్నదే గట్టి అభ్యంతరం. అక్కడ కొరత జీతానిది, డైరీ పూడ్చేది కాదు; వాళ్లకు పొదుపు పాఠాలు చెప్పడం ఎగతాళే. అయినా ఆ ఇంటివాళ్లూ పిల్లల్ని ఒక్కసారైనా నుమాయిష్‌కు తీసుకెళ్తారు. ఆ సాయంత్రానికి 200 ముందే పక్కన పెడితే అద్దె డబ్బుల జోలికి పోనక్కర్లేదు.

కాబట్టి వచ్చే డైరీలో మొదటి పద్దు నుమాయిష్, రెండోది పెళ్లి చదివింపులు, మూడోది పండగ బట్టలు. బియ్యం, పాలను రాయడం మరిచినా ఫర్వాలేదు, అవే గుర్తుచేస్తాయి. ‘ఇతరములు’ను మాత్రం రద్దు చేయండి. అంత పెద్ద శాఖను మంత్రి లేకుండా నడపడం ఏ సర్కారుకూ చేతకాదు.