రసీదులో పార్కు

అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్ పథకంలో రాయితీ 2025 మార్చి 31తో అయిపోతుందని అప్పుల కోసం పరుగులు పెట్టినవాళ్లు కాస్త కూర్చున్నారు. గడువును అప్పట్లో ఏప్రిల్ 30 దాకా పొడిగించారు. ఆ లోపు కడితే క్రమబద్ధీకరణ రుసుములో పాతిక శాతం తగ్గింపు, ఖాళీ స్థలం రుసుములోనూ పాతిక శాతం తగ్గింపు అన్నారు. ఆషాఢం సేలు ఉగాదికే వచ్చేసింది. మొదటి తగ్గింపుతో నాకు పేచీ లేదు. జరిమానా వేసేదీ వాళ్లే, తగ్గించేదీ వాళ్లే, మధ్యలో మనమెవరం? కొరుకుడు పడనిది రెండోది. లేఅవుట్ వేసేవాడు పదో వంతు నేలను పార్కుకో ఆటస్థలానికో వదలాలన్నది నిబంధన. వదలని చోట ప్లాటు కొన్నవాడు, తన ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలం కింద సర్కారుకు కట్టాలన్నది 2020 నాటి జీవో. 2025లో అందులో పాతిక శాతం మాఫీ చేశారు. అంటే తెలంగాణ ప్రభుత్వం పిల్లల ఊయల మీద డిస్కౌంట్ ప్రకటించింది.

లెక్క వేసి చూద్దాం. నూటయాభై గజాల ప్లాటు, రిజిస్ట్రేషన్ నాటి విలువ గజం నాలుగు వేలు అనుకుందాం. ప్లాటు విలువ ఆరు లక్షలు, అందులో 14 శాతం 84 వేలు. విలువలో 14 శాతమంటే నేలలోనూ 14 శాతమే కాబట్టి, ఆ కుటుంబం కొన్న పార్కు అక్షరాలా 21 గజాలు. ఓ మంచం, ఓ బీరువా పట్టే గదంత. అందులో ఒక ఊయల, ఒక సిమెంటు బెంచీ, ఒక వేపమొక్క సర్దుకోవచ్చు. పాతిక శాతం తగ్గించాక మిగిలేది పదిహేను గజాల చిల్లర. ఇప్పుడు ఊయల తీసెయ్యాలా, బెంచీ తీసెయ్యాలా అన్నది ఆ ఇంట్లో తాతా మనవళ్లు తేల్చుకోవాలి. రెండు వందల ప్లాట్ల కాలనీ అయితే 4,200 గజాల పార్కు, ఎకరానికి కాస్త తక్కువ. రాయితీ పుణ్యమా అని అందులో 1,050 గజాలు ఎగిరిపోయాయి. ఇదే 1,050 గజాలు ఎవడైనా పార్కులో కబ్జా చేస్తే, ఆక్రమణలు కూల్చే హైడ్రా బుల్డోజరు వస్తుంది. ఇక్కడ జీవో వచ్చింది.

అయితే ఈ పార్కు ఎక్కడుందని మాత్రం అడక్కూడదు. ఉంది. రసీదులో ఉంది. పొద్దున్నే వాకింగ్‌కు వెళ్లేవాళ్లు దరఖాస్తు నంబరు దగ్గర మొదలుపెట్టి, దరఖాస్తుదారు పేరు మీదుగా చెల్లించిన మొత్తం దాకా నడిచి, తేదీ దగ్గర మలుపు తిరిగి వెనక్కి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇంతకంటే చదునైన నేల దొరకదు. వానాకాలంలో పార్కు తడిసిపోకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టుకోవాలి. ప్రహరీ కావాలంటే లామినేషన్ చేయించుకోవాలి. పిల్లలెక్కువైతే జిరాక్స్ తీయించి రెండో పార్కు తెరవొచ్చు, ఈ సౌకర్యం సింగపూర్‌లో కూడా లేదు. పార్కు వేళలు ఇంట్లో బీరువా తాళం ఎవరి కొంగున ఉందో దాన్ని బట్టి ఉంటాయి. బతుకమ్మ నాడు కాలనీ ఆడవాళ్లందరూ రసీదును మధ్యలో పెట్టి, చుట్టూ చప్పట్లు కొడుతూ తిరగొచ్చు. గాలికి ఎగిరిపోకుండా దాని మీద బతుకమ్మనే పెడితే సరి. మొక్క నాటాలనుకునే నాయకులు మాత్రం గునపం తేవద్దని మనవి, కాగితం చిరుగుతుంది.

వెక్కిరింత బాగానే ఉంది గానీ, వెంచర్ వేసినవాడు పార్కు స్థలాన్ని కూడా ప్లాట్లు చేసి అమ్ముకుంటే దానికి ప్రభుత్వమేం చేస్తుంది అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ ప్లాట్లు చీకట్లో చేతులు మారలేదు. పట్టపగలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో, ఫొటో దిగి, వేలిముద్ర వేసి, స్టాంపు డ్యూటీ కట్టి చేతులు మారాయి. తర్వాత ఇల్లు కట్టుకున్నవాళ్లకు మీటరు బిగించారు, ఇంటిపన్ను వేశారు. డ్యూటీ తీసుకున్న రోజు కనపడని అక్రమం, రుసుము తీసుకోవాల్సిన రోజు కొట్టొచ్చినట్టు కనపడింది. సరే, మోసం చేసింది వెంచర్ వాడే అనుకుందాం. ప్లాట్లన్నీ అమ్ముడుపోయిన వెంచర్‌లో వాడు కట్టాల్సింది ఎంత? సున్నా. పార్కు నేలను కూడా అమ్మి సొమ్ము చేసుకున్నవాడు ఇంకో ఊళ్లో ఇంకో వెంచర్‌కు రంగు జెండాలు పాతుకుంటున్నాడు. పార్కు లేని కాలనీలో ఉండటమనే శిక్ష అనుభవిస్తున్నవాడే, పార్కు లేనందుకు జరిమానా కూడా కడుతున్నాడు. దొంగతనం కేసులో సొమ్ము పోగొట్టుకున్నవాడికి జరిమానా వేసి, తొందరగా కడితే తగ్గిస్తామనడం మన దగ్గరే చెల్లుతుంది.

ఇంకో మాట కూడా అంటారు. ఆ డబ్బుతో మున్సిపాలిటీ ఎక్కడో ఒకచోట స్థలం కొని పార్కు కడుతుంది కదా అని. కట్టనివ్వండి, సంతోషం. కానీ రుసుము లెక్కగట్టింది రిజిస్ట్రేషన్ నాటి విలువ మీద. మన ఉదాహరణలో రాయితీ పోగా కట్టింది 63 వేలు. అదే కాలనీలో ఇవాళ గజం ఇరవై వేలుంటే, ఆ డబ్బుకు వచ్చేది మూడు గజాలు. ఊయల పోయింది, బెంచీ పోయింది, వేపమొక్క కుండీలోకి వచ్చింది. కొన్నవాళ్ల నుంచి ఇవాళ్టి ధర వసూలు చేయాలని నేననడం లేదు, అది ఇంకా పెద్ద అన్యాయం. డబ్బు పార్కు అయ్యే దారి ఇది కాదని మాత్రం అంటున్నాను.

అలాగని నిబంధనలే వద్దనేవాళ్ల పక్కన నేను కూర్చోను. పదో వంతు ఖాళీ స్థలం, అంబులెన్స్ తిరిగే వెడల్పున్న రోడ్డు, వరద నీరు పోయే దారి అన్నవి ఆఫీసర్ల చాదస్తం కాదు. 2020 అక్టోబరు వానల్లో హైదరాబాద్ చుట్టుపక్కల కాలనీలు చెరువులైనప్పుడు ఆ నిబంధనల విలువేంటో అందరికీ తెలిసింది. పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో క్లబ్‌హౌసు, ఈతకొలను, జాగింగ్ ట్రాకు ఉంటాయి, అక్కడ పిల్లలకు సర్కారు పార్కు లేకపోయినా గడుస్తుంది. వంద గజాల్లో, నూటయాభై గజాల్లో రెండు గదులు వేసుకున్నవాడి ఇంటికి వాకిలి కూడా ఉండదు. ఊరి పార్కే అతని వాకిలి. నిబంధన అవసరం అందరికంటే అతనికే ఎక్కువ, దాన్ని డబ్బుకు మార్చుకుని వదిలేసింది కూడా అతని దగ్గరే. 2007 చివర్లో ఒకసారి, 2015లో ఒకసారి, 2020లో ఒకసారి ఈ క్రమబద్ధీకరణ నడిచింది. మూడుసార్లు వచ్చిన పథకాన్ని పథకం అనరు, పంట అంటారు. వెంచర్ వాడికి అర్థమైన నీతి ఒక్కటే, ముందు అమ్ముకో, తర్వాత వాళ్లే చూసుకుంటారు అని. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఎల్‌ఆర్‌ఎస్ ఉచితంగా చేయాలన్నవాళ్లు ఇప్పుడు సచివాలయంలో ఉన్నారు, అప్పుడు రుసుములు ఖరారు చేసినవాళ్లు కుర్చీ దిగాక ఉచితం చేయాలని ధర్నాకు కూర్చున్నారు. కుర్చీలు మారాయి, రసీదు పుస్తకం మారలేదు.

ఇక నవ్వలేని సంగతి ఒకటుంది. 2020 ఆగస్టు 26 నాటికి ఒక లేఅవుట్‌లో పది శాతం ప్లాట్లు రిజిస్టరై ఉంటే చాలు, అమ్ముడుపోని మిగతా ప్లాట్లనూ క్రమబద్ధీకరించుకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. ఇల్లు కట్టుకున్నవాడి వంటగది కింద పోయిన పార్కును ఎవరూ తవ్వి తీయలేరు, ఒప్పుకుంటాను. కానీ ఈ లేఅవుట్లలో పార్కు ఏ వంటగది కిందా పోలేదు. వందకు తొంభై ప్లాట్ల దాకా ఇంకా గడ్డీ హద్దురాళ్లూ తప్ప ఏమీ లేని నేలగానే ఉండొచ్చు, అమ్మేవాడి పేరు మీదే ఉండొచ్చు. అక్కడ ఒక సర్వేయరు, ఒక టేపు, ఒక బస్తా సున్నం చాలు. పదో వంతు గీసి, ఇది పార్కు, దీన్ని వదిలితేనే మిగతాదానికి సంతకం అంటే అయిపోయేది. ఆ మాట అనడానికి బడ్జెట్ అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. ఆ మాట అనలేదు. ఖాళీ నేల కళ్ల ముందున్నా దాన్ని వదిలేసి చేయి చాపి డబ్బే అడిగారు, అందులోనూ పాతిక శాతం తగ్గించి మరీ. నేల దొరికే చోట డబ్బు తీసుకున్నవాడు, డబ్బు ఇచ్చాక నేల తెస్తాడని నమ్మమంటున్నారు. ఇది చేతకానితనం కాదు. ఆ కాలనీలో రేపు పుట్టబోయే పిల్లలు టిప్పర్ల మధ్య రోడ్డు మీద క్రికెట్ ఆడతారని తెలిసే చేసిన బేరం.

2020లో వచ్చిన దరఖాస్తులు పాతిక లక్షలకు పైనే. కట్టేవాళ్లు కట్టండి, కట్టకపోతే ఇంటి పర్మిషన్ రాదు. కానీ కట్టిన మర్నాడు కాలనీవాళ్లంతా కలిసి మున్సిపల్ కమిషనరు పేరున ఒక తెల్లకాగితం రాసివ్వండి, అందిందని ముద్ర వేయించుకోండి. అందులో ఒక్క ప్రశ్న చాలు: మేము డబ్బు కట్టిన పార్కు ఏ సర్వే నంబరులో ఉంది?